టకోమాకు లిఫ్ట్ వేస్తున్నారా? అంగుళాల కన్నా కోణాలు ముఖ్యం

పికప్ ట్రక్కుకు లిఫ్ట్ వేయాలనుకునే, అంటే సస్పెన్షన్ మార్చి బండిని ఎత్తుగా లేపాలనుకునే వాళ్లందరూ ముందు అడిగేది “ఎన్ని అంగుళాలు?” అని. అసలు అడగాల్సింది “లేపాక చక్రాలు ఏ కోణంలో నిలబడతాయి?” అని. అంగుళాలు విడిభాగాలతో వచ్చేస్తాయి, డబ్బు పెడితే చాలు. కోణాలు మాత్రం మనం రాబట్టుకోవాలి. లిఫ్ట్ వేశాక హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ తేలిపోతోందని, కొత్త టైర్లు ఏడాదికే లోపలి అంచున అరిగిపోయాయని బాధపడే వాళ్లలో ఎక్కువమంది చివరి అడుగు, అంటే చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్, సరిగ్గా వేయని వాళ్లే.

ఇక్కడ చెప్పేది అమెరికాలో మనవాళ్ల ఇళ్ల ముందు తరచుగా కనబడే మూడో తరం టొయోటా టకోమా గురించి, అంటే 2016 నుంచి 2023 దాకా వచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్ గురించి. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్, కింది ఆర్మ్), కాయిలోవర్ (షాక్ చుట్టూ స్ప్రింగు ఉండే అమరిక). వెనక గట్టి యాక్సిల్, లీఫ్ స్ప్రింగులు, మన లారీ మెకానిక్కులు కమాన్ కట్టలు అంటారే అవే. లక్ష్యం ముందు రెండున్నర అంగుళాలు, వెనక ఒకటిన్నర. అంతకుమించి లేపాలంటే వేరే రకం కిట్లు, వేరే ఖర్చు, అది వేరే పని. రోజూ ఆఫీసుకి వెళ్తూ, సెలవుల్లో టెక్సస్ బిగ్ బెండ్ పార్కు మట్టి రోడ్లు ఎక్కే బండికి ఈ రెండున్నర చాలని నా గట్టి అభిప్రాయం. ముందు చక్రాలకు తిప్పుడు అందించే సీవీ యాక్సిళ్లు అంతకంటే వంగితే వాటి రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అంటే మీరు బిగించిన బోల్టును రెండో మనిషి చూసే అవకాశం దాదాపు లేదు. ఈ పనిలో ప్రతి బోల్టూ మీ పిల్లలు కూర్చునే బండిని మోసేదే కాబట్టి తొందర వద్దు. మొదటిసారి చేసేవాళ్లు శని, ఆదివారాలు రెండూ పక్కన పెట్టుకోండి, తోడుగా ఒక మనిషిని పిలవండి.

కొనేటప్పుడు

షాక్ పైన పెట్టే స్పేసర్ చవక. కానీ అది బండిని లేపుతుంది తప్ప సస్పెన్షన్‌ను మెరుగుపరచదు. పాత షాక్, పాత స్ప్రింగే ఉంటాయి, చక్రం కిందికి వేలాడేటప్పుడు పై ఆర్మ్, దాని చివరి బాల్ జాయింట్ (అటూ ఇటూ తిరిగే గోళపు కీలు) హద్దు దాటే ప్రమాదం కూడా ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే బిల్‌స్టైన్ 5100 లేదా 6112, ఓల్డ్ మ్యాన్ ఈము లాంటి షాకులు, వాటికి తగిన స్ప్రింగులు తీసుకోండి. స్ప్రింగును ఎత్తు చూసి కాదు, బరువు చూసి ఎంచుకోవాలి. ముందు స్టీలు బంపర్, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం) ఉన్న బండికీ ఏమీ లేని బండికీ ఒకే స్ప్రింగు పనికిరాదు. బంపర్ లేని బండికి గట్టి స్ప్రింగు వేస్తే మీరు అనుకున్న దానికన్నా ఎక్కువ లేస్తుంది, ప్రతి గుంతలో నడుము పట్టేస్తుంది.

ఒక లెక్క ఇప్పుడే మనసులో పెట్టుకోండి. షాక్ కింది భాగం కింది ఆర్మ్ మధ్య ప్రాంతంలో బిగుస్తుంది, చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది. అందుకే షాక్ దగ్గర ఒక అంగుళం పెంచితే చక్రం దగ్గర దాదాపు రెండు అంగుళాలు పెరుగుతుంది. టకోమా డ్రైవర్ వైపు కాస్త ఒరిగి నిలబడుతుందని చాలామంది ఓనర్లకు తెలుసు. ఆ వైపు అర అంగుళం తక్కువ ఉంటే పావు అంగుళం స్పేసర్ చాలు. అర అంగుళం పెడితే బండి ఇంకో వైపుకు ఒరుగుతుంది.

రెండున్నర అంగుళాలకు పై ఆర్మ్‌లు కూడా మార్చమని చెబుతాను. ఇది సోకు కాదు. బండి లేచినప్పుడు క్యాస్టర్, అంటే స్టీరింగు తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం, తగ్గిపోతుంది. ఫ్యాక్టరీ ఆర్మ్‌తో దాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చుకోవడం కష్టం, పైగా చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఆ ఆర్మ్ కాయిల్‌కి తగలవచ్చు. మార్కెట్లో దొరికే ఆర్మ్‌లు బాల్ జాయింట్‌ను కొంచెం వెనక్కి జరిపి తయారుచేస్తారు, క్యాస్టర్ అక్కడే కలిసివస్తుంది. యూనిబాల్ (బూటు లేకుండా తెరిచి ఉండే గోళపు కీలు) రకం, బాల్ జాయింట్ రకం అని రెండున్నాయి. మంచు, ఉప్పు చల్లే రోడ్లున్న చోట రబ్బరు బూటుతో మూసి ఉండే బాల్ జాయింట్ రకమే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కాయిలోవర్‌ను స్ప్రింగుతో సహా బిగించి పంపే వాళ్ల దగ్గరే కొనండి. నొక్కి పెట్టిన కాయిల్‌లో వందల పౌండ్ల బలం దాగి ఉంటుంది. అద్దెకు తెచ్చిన స్ప్రింగ్ కంప్రెసర్ జారితే చేతులు పోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. మిగిలే కొద్ది డాలర్ల కోసం ఆ పని ఇంట్లో చేయకండి.

విప్పే ముందు

బండిని చదునైన చోట నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవకండి. టైరులో గాలి మారినా, టైరే మారినా ఆ కొలత మారిపోతుంది. తర్వాత బండిని గోడకు 25 అడుగుల దూరంలో పెట్టి, హెడ్‌లైట్ వెలుగు పై అంచు ఎక్కడుందో టేపు అంటించండి. ఇది ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కింది ఆర్మ్ ఫ్రేముకు కలిసే చోట ఒక్కో వైపు రెండేసి క్యామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ను జరిపేవి) ఉంటాయి. అలైన్‌మెంట్ అంతా వీటి మీదే నడుస్తుంది. వాటి ఇప్పటి స్థానాన్ని పెయింట్ పెన్నుతో గీసి, ఫోటో తీసుకోండి. తర్వాత ఒక్కసారి పానా పెట్టి అవి కదులుతున్నాయో లేదో చూడండి. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల నడిచిన బండి అయితే ఈ బోల్టులు తుప్పుతో బుష్ (ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు) లోపలి గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. అప్పుడు రంపంతో కోసి, కొత్త బోల్టులు, కొత్త బుష్‌లు వేయడమే దారి. ఆ సంగతి శుక్రవారం తెలిస్తే ఆర్డరు పెట్టుకోవచ్చు. ఆదివారం సాయంత్రం తెలిస్తే సోమవారం ఆఫీసుకి బండి ఉండదు. తుప్పు నూనె రెండు మూడు రోజుల ముందు నుంచే కొడుతూ ఉండండి.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. మీ సంవత్సరపు మోడల్‌కు టొయోటా సర్వీస్ మాన్యువల్ అంకెలు, కిట్టుతో వచ్చిన కాగితం అంకెలు రెండూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

ముందు వైపు

చక్రం నట్లకు 21 మిల్లీమీటర్ల సాకెట్. నేల మీద ఉండగానే వదులు చేసి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు భాగం లేపి ఫ్రేము కింద జాక్ స్టాండ్లు పెట్టండి. జాకీ మీద నిలబడిన బండి కింద తల పెట్టడం ఎప్పటికీ వద్దు. స్టాండ్ల మీద కూర్చున్నాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే చక్రాలు తీయండి.

స్వే బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే అడ్డ కడ్డీ) లింకులు రెండు వైపులా విప్పాలి. ఒక వైపే విప్పితే బార్ అవతలి చక్రం నుంచి నెడుతూ ఉంటుంది, ఆర్మ్ కిందికి రాదు. తర్వాత ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం పట్టుకున్న క్లిప్పులు తీయండి. కింది ఆర్మ్ కింద జాకీ ఆన్చి ఉంచి, పై బాల్ జాయింట్ పిన్ను తీసి, నట్టును వదులు చేయండి. పూర్తిగా తీసేయొద్దు, నాలుగైదు మరలు ఉండనివ్వండి. ఇప్పుడు నకిల్ (చక్రం బిగుసుకునే ఇనుప భాగం) పక్కను, బాల్ జాయింట్ కూర్చున్న చోట, సుత్తితో నాలుగు గట్టి దెబ్బలు వేస్తే టక్కున వదులుతుంది. నట్టు అలా ఉంచడం వల్ల ఆర్మ్ ఎగిరి మీ మీదికి రాదు. వదిలాక నకిల్‌ను తాడుతో ఫ్రేముకు కట్టేయండి. దాని బరువు బ్రేకు గొట్టం మీద పడిందంటే లోపల చిరిగి, పైకి కనబడకుండా ఉండి, నెలల తర్వాత బయటపడుతుంది.

కాయిలోవర్ పైన మూడు 14 మిల్లీమీటర్ల నట్లు ఉంటాయి. మధ్యలో పెద్ద నట్టు ఒకటి కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి. స్ప్రింగు బలమంతా దాని కిందే ఉంది. కింది బోల్టు తీసి, జాకీని మెల్లగా దించితే కాయిలోవర్ బయటికి వచ్చేస్తుంది. చోటు చాలకపోతే కింది బాల్ జాయింట్‌ను నకిల్‌కు బిగించే రెండు బోల్టులు తీస్తే ఆర్మ్ ఇంకా కిందికి దిగుతుంది. ఆ రెండు బోల్టులు తిరిగి బిగించేటప్పుడు మాన్యువల్ అంకె దాకా బిగించి, పెయింటుతో గీత పెట్టండి. ఈ బండి మొత్తంలో చక్రాన్ని పట్టి ఉంచే భారమంతా వాటి మీదే.

పై ఆర్మ్ ఒకే పొడవాటి బోల్టు మీద వేలాడుతుంది. అది బయటికి జారేటప్పుడు ఫెండర్ లోపలి రేకు అంచు అడ్డొస్తుంది. రేకును పట్టకారుతో కొంచెం వంచితే చాలు. కొత్త ఆర్మ్ బిగించేటప్పుడు బోల్టును తిరగేసి వేస్తే వచ్చేసారి రేకుతో పని ఉండదు. కొత్త కాయిలోవర్ ఎక్కించే ముందు దాని కింది కన్ను, పై మూడు బోల్టులు పాతదానిలాగే ఒకే దిశలో ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. పది డిగ్రీలు తేడా ఉన్నా లోపలికి వెళ్లదు, వెళ్లినా బుష్ మెలితిరిగి ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. రబ్బరు బుష్ ఉన్న ప్రతి బోల్టునూ (పై ఆర్మ్, కింది ఆర్మ్, షాక్ కింది బోల్టు) చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకండి. రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే ఆ రబ్బరు రోజంతా మెలితిరిగే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది, ఎత్తు కొలత కూడా తప్పు వస్తుంది. అందుకే చేత్తో బిగించి, చక్రాలు పెట్టి, నేల మీదికి దించి, బంపర్ మీద నాలుగుసార్లు నొక్కి కూర్చోబెట్టాకే టార్క్ రెంచ్ వాడాలి. నకిల్, బాల్ జాయింట్ నట్టు, స్వే బార్ లింకులు మాత్రం పైన ఉండగానే బిగించవచ్చు. చక్రం నట్లు 83 అడుగు పౌండ్లు, అంటే 113 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా.

వెనక వైపు

ఇక్కడ పని బరువు, కానీ సూటిగా ఉంటుంది. ఫ్రేము కింద స్టాండ్లు, యాక్సిల్ కింద జాకీ. షాకులు విప్పి, యాక్సిల్‌ను లీఫ్ కట్టకు పట్టి ఉంచే యూ బోల్టులు తీసి, బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు తీగ లాగుతున్నాయేమో చూస్తూ యాక్సిల్‌ను అంగుళం అంగుళంగా దించండి. ఒక వైపు పూర్తిచేశాకే రెండో వైపు మొదలుపెడితే యాక్సిల్ చేజారదు.

పాత కట్టలోనే ఒక పట్టీ అదనంగా వేస్తున్నట్లయితే, మధ్య పిన్ను విప్పే ముందు రెండు వైపులా సీ క్లాంపులతో గట్టిగా పట్టించాలి. లేకపోతే పట్టీలు విడిపోయి ఎగురుతాయి. నా సలహా మాత్రం కట్ట మొత్తం మార్చడమే. అదనపు పట్టీ బరువు మోస్తుంది గానీ ఖాళీ బండిలో వెన్ను విరుగుతుంది.

పాత యూ బోల్టులు మళ్లీ వాడకండి. అవి ఒకసారి బిగిస్తే సాగుతాయి, రెండోసారి అదే బిగువు నిలవదు. కొత్తవి నాలుగు మూలలా ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. కట్ట ముందు కన్ను, వెనక షాకిల్ (కట్ట వెనక చివరను ఫ్రేముకు కలిపే లింకు) బోల్టులు బండి నేల మీద ఉండగానే బిగించాలి, కారణం ముందు చెప్పిందే.

వెనక లేపాక నిలబడిన చోటు నుంచి కదిలేటప్పుడు కింద వణుకు వస్తే భయపడకండి. డబుల్ క్యాబ్‌లలో డ్రైవ్ షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో క్యారియర్ బేరింగు. కోణం మారినందువల్ల వచ్చే వణుకు అది. ఆ బేరింగును చిన్న స్పేసర్లతో కొంచెం దించితే చాలాసార్లు పోతుంది.

అలైన్‌మెంట్

బోల్టులన్నీ బిగిశాక బండి చూడ్డానికి ఎంతో బాగుంటుంది, ఫోటోలు కూడా తీస్తారు. కానీ ఇప్పుడు అది హైవేకి పనికిరాదు. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎంత మారి ఉంటుందంటే, షాపుకు నడిపేలోపే టైరు అంచులు అరిగేటంత. కాబట్టి ఇంట్లోనే ఒక కచ్చా సెట్టింగు చేసుకోండి. ఇద్దరు మనుషులు ముందు టైర్ల మధ్య, సగం ఎత్తులో, టైర్ల ముందు అంచుల మధ్య దూరం కొలవాలి. తర్వాత వెనక అంచుల మధ్య. ముందు దూరం వెనక దూరం కన్నా అంగుళంలో పదహారో వంతు తక్కువ ఉంటే, 32 అంగుళాల టైరుకు అది మొత్తం 0.11 డిగ్రీల టో ఇన్. సరిగ్గా కావలసిందే అది. టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) తాళం నట్టు వదిలి రెండు వైపులా సమానంగా తిప్పండి, లేకపోతే స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది.

వంద మైళ్లు నెమ్మదిగా నడపండి. కొత్త స్ప్రింగులు కాస్త దిగి కూర్చుంటాయి. తర్వాతే షాపు.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం ఎటు వాలి ఉందో చెప్పే కోణం. అది ఎక్కువైతే ఒక భుజమే అరుగుతుంది. టో అంటే పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. టైర్లను అన్నిటికన్నా వేగంగా తినేది ఇదే. క్యాస్టర్ అంటే పక్క నుంచి చూస్తే స్టీరింగు తిరిగే అక్షం పై భాగం వెనక్కి ఎంత వాలిందో. ఇది టైరును తినదు, అందుకే షాపుల వాళ్లు తేలిగ్గా వదిలేస్తారు. కానీ స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం, 75 మైళ్ల వేగంలో బండి గీత మీద నిలబడటం క్యాస్టర్ వల్లే. లిఫ్ట్ వేసిన బండిలో పోయేది సరిగ్గా అదే.

మీకు కావలసిన అంకెలు ఇవి: క్యాస్టర్ రెండు వైపులా మూడు నుంచి నాలుగు డిగ్రీల మధ్య, రెంటికీ తేడా అర డిగ్రీలోపు. క్యాంబర్ సున్నాకి దగ్గరగా. టో ఒక్కో చక్రానికి 0.05 డిగ్రీల లోపలికి. ఈ అంకెలు కాగితం మీద రాసి, పని మొదలుపెట్టే మనిషి చేతికే ఇవ్వండి. “కొత్త పై ఆర్మ్‌లు వేశాను, క్యాస్టర్ ముందు పెట్టి టో చివర పెట్టండి” అని నోటితో కూడా చెప్పండి. ముందూ వెనకా రెండు ప్రింట్‌అవుట్‌లు అడగండి. చాలా చోట్ల టో ఒక్కటి సరిచేసి, తెర మీద పచ్చరంగు చూపించి పంపేస్తారు. ఆ పచ్చరంగు ఫ్యాక్టరీ ఎత్తులో ఉన్న బండికి రాసిన హద్దు. మీ బండికి సరిపోతుందన్న హామీ అందులో లేదు. క్యాస్టర్ ఒకటిన్నర డిగ్రీలు ఉన్నా కొన్ని యంత్రాలు పచ్చగానే చూపించవచ్చు.

కింది ఆర్మ్ క్యామ్‌లు రెంటినీ ఒకే వైపు తిప్పితే క్యాంబర్ మారుతుంది. ఎదురెదురు దిశల్లో తిప్పితే క్యాస్టర్ మారుతుంది. ఆర్మ్ ముందుకు జరిగితే క్యాస్టర్ పెరుగుతుంది, పెద్ద ముందు టైర్లు తమ వెనక ఉండే బాడీ మౌంటుకు (క్యాబిన్ ఫ్రేముకు బిగిసే చోటు) తగలడం కూడా తగ్గుతుంది. రెండు లాభాలూ ఒకే కదలికలో వస్తాయి కాబట్టి, మెకానిక్ ఆ దిశకు తిప్పుతున్నాడో లేదో అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అమెరికా రోడ్లు నీళ్లు పోవడానికి కుడి అంచు వైపు కొంచెం వాలి ఉంటాయి, బండి మెల్లగా కుడికి లాగుతుంది. క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకు బండి లాగే గుణాన్ని ఇక్కడ వాడుకోవచ్చు. కుడివైపు 3.7 ఉంటే ఎడమవైపు 3.4 పెట్టించండి. భారత్‌లో ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఇది తిరగబడుతుంది. తిరుపతి దగ్గర శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ క్రాస్‌కి కూడా ముందు డబుల్ విష్‌బోన్, వెనక లీఫ్ కట్టలే. పైన చెప్పిన కోణాల లెక్క దానికీ పనిచేస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పిచ్చింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి తెలుసుకోకుండా పానా పట్టకండి.

షాపు అంకెల మీద అనుమానం వస్తే ఇంట్లోనే క్యాస్టర్‌ను అంచనా వేయవచ్చు. చదునైన నేల మీద చక్రానికి డిజిటల్ యాంగిల్ గేజ్ ఆన్చి, స్టీరింగ్ తిప్పి చక్రాన్ని 20 డిగ్రీలు బయటికి తిప్పినప్పుడు ఒక క్యాంబర్, 20 డిగ్రీలు లోపలికి తిప్పినప్పుడు ఒక క్యాంబర్ రాసుకోండి. రెంటి తేడాను ఒకటిన్నరతో గుణిస్తే క్యాస్టర్. తేడా 2.4 వస్తే మీ క్యాస్టర్ సుమారు మూడున్నర, బాగున్నట్టే.

ఆ తర్వాత

అలైన్‌మెంట్ అయ్యాక డ్యాష్‌బోర్డు మీద స్టెబిలిటీ కంట్రోల్ దీపాలు వెలిగితే జీరో పాయింట్ కాలిబ్రేషన్ చేయించాలి. స్టీరింగు మధ్యస్థానం ఎక్కడో బండికి మళ్లీ నేర్పడం అది. 2018 నుంచి వచ్చిన టకోమాల్లో ముందు రాడార్, అద్దం మీద కెమెరా కూడా ఉంటాయి. ఎమర్జెన్సీ బ్రేకు వాటి మీదే ఆధారపడుతుంది కాబట్టి వాటి గురి కూడా చూపించండి.

ఇప్పుడు గోడ మీద టేపు దగ్గరికి వెళ్లండి. ముందు రెండున్నర, వెనక ఒకటిన్నర లేపారంటే ముక్కు ఒక అంగుళం పైకి లేచింది. 127.4 అంగుళాల వీల్‌బేస్ ఉన్న బండిలో దానివల్ల 25 అడుగుల దూరంలో వెలుగు రెండు అంగుళాలకు పైగా పైకి పోతుంది, లైట్లు లేచిన రెండున్నర అంగుళాలు దానికి అదనం. ఎదురుగా చిన్న కారులో వచ్చే మనిషి కళ్లలోకి పడే వెలుగు అది. హెడ్‌లైట్ వెనక ఉన్న స్క్రూ తిప్పి దించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

యూ బోల్టులు, చక్రం నట్లు వంద మైళ్ల తర్వాత ఒకసారి, అన్ని బోల్టులూ 500 మైళ్ల తర్వాత ఇంకోసారి టార్క్ రెంచ్‌తో చూడండి. పెయింటు గీతలు కదిలి ఉంటే అక్కడే ఆగి కారణం వెతకండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా కొలతలు మళ్లీ తీసుకోండి. పావు అంగుళం కన్నా ఎక్కువ దిగి ఉంటే అలైన్‌మెంట్ మళ్లీ చేయించాల్సిందే. నెలకోసారి అరచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి రాసి చూడండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపం పళ్లలా గరుకుగా తగిలితే టో తప్పింది. అప్పుడు పాత ప్రింట్‌అవుట్ పట్టుకుని షాపుకు వెళ్లండి, ఏ అంకె మారిందో పక్కపక్కన పెట్టి చూపించమనండి.